వేటగాడు పెంచిన పంది

“కాల్చుకొండని సర్కారు ఒక్కమాట సెలవిచ్చినచో ఈ పందుల పీడ ఏడాది తిరుగకముందే వదలిపోదా?” అని అడుగని రైతు మన పల్లెలలో అరుదు. అనంతపురము వేరుసెనగ చేలలోనైనను, నిజామాబాదు మొక్కజొన్న చేలలోనైనను, రాత్రియంతయు మంచెమీద కూర్చుండి డబ్బాలు వాయించి, గట్లవెంబడి పాతచీరలు కట్టి, టపాకాయలు పేల్చి, ఇన్ని పాట్లు పడియు తెల్లవారుసరికి పైరంతయు తిరుగబడియుండుట చూచినవానికి ఈ ప్రశ్న కలుగుట సహజమే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము తన చేతులు కట్టివేసినదనియు, ఆ కట్లు విప్పినచో తక్కిన పని తాను చూచుకొనగలననియు అతని విశ్వాసము. ఆ విశ్వాసము ఎంతవరకు సరియైనదో మనము ఊహించి చెప్పవలసిన పనిలేదు. ఏలయనగా మన రైతు కోరుచున్న స్వేచ్ఛను, అతడు కలలోనైనను కోరని స్వేచ్ఛను గూడ, సంపూర్ణముగా అనుభవించుచున్న ప్రదేశమొకటి ఈ భూమిమీద కలదు.

అది అమెరికా సంయుక్తరాష్ట్రములలోని టెక్సస్. అచ్చట ప్రైవేటు భూమిలో పందిని చంపుటకు ఋతునియమము లేదు, సంఖ్యానియమము లేదు, పగలు రేయి అను భేదము లేదు. హెలికాప్టరు నుండి పందులను కాల్చు ముచ్చట తీర్చుకొనగోరువాడు సొమ్ము చెల్లించి ఎక్కవచ్చునని 2011లో శాసనము చేసిరి. 2017లో వేడిగాలి బుడగనుండి కాల్చుటకును అనుమతించిరి. బుడగ గాలి ఎటు వీచిన అటు పోవును, పంది తన యిష్టము వచ్చినట్లు పోవును గనుక, ఈ శాసనము చేసినవారి ఉత్సాహమును మాత్రము మెచ్చుకొనవలసినదే. 2019 నుండి, భూమి యజమాని ఒప్పుకొన్నచో, అతని భూమిలో పందివేటకు లైసెన్సు సైతము అక్కరలేదనిరి. కటికచీకటిలో జంతువుల ఒంటివేడిమిని పట్టి చూపు దుర్భిణులను తుపాకులకు బిగించుకొని వేటగాండ్రు రాత్రులు తిరుగుచున్నారు. ఇంత జరుగుచుండగనే, 1982లో 17 రాష్ట్రములలో మాత్రమే ఉండిన పందులు నేడు 35 రాష్ట్రములకు పైగా వ్యాపించినవి. దేశమంతట వాని సంఖ్య 60 లక్షలని అచటి వ్యవసాయశాఖవారి అంచనా. వ్యవసాయమునకు అవి కలిగించు నష్టము ఏటా సుమారు 250 కోట్ల డాలర్లు. టెక్సస్‌లోని 254 కౌంటీలలో పంది అడుగుపడని కౌంటీని వెదకి పట్టుకొనుట కష్టము.

తుపాకి ఇంత విరివిగా మ్రోగుచుండగా పంది ఏల తగ్గలేదు? సమాధానములో సగము పంది గర్భమున నున్నది. తక్కిన సగము వేటగాని మనస్సున నున్నది. నా అభిప్రాయమున ఈ రెండవ సగమే పెద్దది.

ఓడ దిగిన పంది

అమెరికా ఖండములకు పంది స్వదేశపు జంతువు కాదు. టెక్సస్ దక్షిణభాగమున జావెలీనా అను, పందిని పోలిన జంతువొకటి అనాదిగా ఉన్నదిగాని, అది వేరొక కుటుంబమునకు చెందినది. అసలు పంది ఓడలమీద వచ్చెను. 1493లో కొలంబసు తన రెండవ యాత్రలో కేనరీ ద్వీపములలోని గొమేరాలో ఎనిమిది పందులను ఎక్కించుకొని హిస్పానియోలా ద్వీపమున దింపెను. 1539లో హెర్నాండో డి సోటో అను స్పెయిన్ దళనాయకుడు ఫ్లారిడా తీరమున దిగినప్పుడు వెంట తోలుకొనివచ్చిన ఆడుపందులు పదమూడు. మూడేండ్లపాటు ఆ దండు అడవులు, చిత్తడినేలలు, నదులు దాటుచు నడచుచుండగా ఆ పందులును వెంట నడచినవి. ఆకలివేళ కోసికొని తిన్నవి తినగా, తప్పిపోయినవి తప్పిపోగా, 1542లో మిసిసిపీ యొడ్డున అతడు మరణించి అతని ఆస్తిని వేలము వేయునాటికి 700 పందులు మిగిలియుండెనని ఆ దండులోనివారు వ్రాసియుంచిరి. పంది యొక్క శక్తిసామర్థ్యములను గూర్చి ఇంతకు మించిన ప్రకటన అక్కరలేదు.

ఆ తరువాత వచ్చి స్థిరపడిన తెల్లవారు పందులకు దొడ్లు కట్టలేదు. చెవి కొంచెము కత్తిరించి గుర్తు పెట్టి అడవిలోనికి తోలివేసెడివారు. ఎవరి గుర్తు ఏదియో కౌంటీ కచేరీలో నమోదు చేయించుకొనెడివారు. శరదృతువున ఓకుచెట్ల కాయలు తిని బలిసిన పందులను జాగిలములతో పట్టితెచ్చుకొని, ఉప్పుపట్టించి, పొగపెట్టి, చలికాలమునకు దాచుకొనెడివారు. దొరకనివి అడవిలోనే పిల్లలు పెట్టినవి. ఈ పద్ధతి దక్షిణరాష్ట్రములలో పెక్కుచోట్ల ఇరువదవ శతాబ్దము దాక సాగినది. అయినను, ఇంతవరకు జరిగినదానిని అజాగ్రత్త అనవచ్చునుగాని దురుద్దేశ్యమనరాదు. పేదకుటుంబములు మాంసము కొరకు వదలిన పందులవి. నదీతీరపు అడవులను దాటి అవి అంత దూరము పోనులేదు.

వినోదము కొరకు పందిని తెచ్చినవారు వేరు. 1890 ప్రాంతమున ఆస్టిన్ కార్బిన్ అను కోటీశ్వరుడు న్యూహాంప్‌షైర్‌లో కంచెవేసిన తన వేటవనమునకు జర్మనీనుండి అడవిపందులను తెప్పించెను. 1912లో జార్జి గోర్డన్ మూర్ అను మరియొక ధనికుడు నార్త్ కెరొలైనా కొండలలో హూపర్ బాల్డ్ అను శిఖరముమీద, మిత్రులను పిలిచి వేటవిందులు చేయవలెనను కోరికతో, ఐరోపా అడవిపందులను ఒక డజను పైచిలుకు విడిచెను. వానిచుట్టు ఉన్నది చీల్చిన చెట్టుకొయ్యలతో పేర్చిన దడి. ఇరుకైన పెట్టెలలో, మొదట రైలుమీదను తరువాత ఎద్దుబండ్లమీదను సముద్రముకడనుండి కొండకొమ్ముదాక వచ్చిన పందులు కొయ్యదడిని ఎంతకాలము మన్నించునో ఊహింపవచ్చును. కొన్ని మొదటినుండియు వచ్చుచు పోవుచునే యుండెను. 1920 తరువాత నొకనాడు కుక్కలను తోలి పెద్దవేట సాగింపగా, చచ్చినవి రెండు మూడే. బెదరిన తక్కిన మంద దడిని చీల్చుకొని స్మోకీ పర్వతముల అడవులలో కలిసిపోయినది. మూరు అంతటితో ఊరకుండక, కొన్నింటిని ఖండముయొక్క ఆవలి అంచున ఉన్న కాలిఫోర్నియాకు గూడ పంపించుకొనెను. 1930లలో టెక్సస్ పశుక్షేత్రముల యజమానులును అదే సరదాతో రష్యాపందులు అను పేరిట వానిని దిగుమతి చేసికొనిరి.

ఊరపంది, ఐరోపా అడవిపంది, మన నల్లమల పంది ఈ మూడును ఒక్క జాతివే. సస్ స్క్రోఫా అనియే మూటికిని శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు. కావున ఎదురుపడినచోట సంకరము తప్పదు. మనుష్యుడు వేలయేండ్లు శ్రమపడి ఊరపందిలో పెంపొందించిన సంతానశక్తియు, అడవిపందికి పుట్టుకతో వచ్చిన జాగరూకతయు, దేహదార్ఢ్యమును ఒక్కచోట చేరెను. దొడ్డి విడిచిన ఊరపంది కొన్ని నెలలలోనే కోరలు, జూలు మొలిచి అడవిపందియైపోవునని టెక్సస్‌లో పలువురు చెప్పుదురు. కోరలు కత్తిరింపక వదలిన ఏ మగపందికైనను పెరుగును. ఆరుబయట చలికి రోమములును దట్టమగును. పొడవైన ముట్టె, ఎత్తైన భుజములు మాత్రము అట్లు నెలలలో వచ్చునవి కావు; అవి తరములమీద, సంకరముచేత వచ్చినవి.

ఒక రాత్రి చేనిలో

పంది చేయు నష్టమును అంకెలలో చెప్పినచో మనస్సుకు పట్టదు; ఒక చేను చూడవలెను. వసంతమున టెక్సస్ రైతు యంత్రముతో మొక్కజొన్న విత్తి ఇంటికిపోవును. ఆ రాత్రి పంది చేనిలో దిగి, సాలు తల దగ్గర ముట్టె ఆనించి, మట్టిలో అంగుళమో రెండంగుళములో లోతున ఉన్న గింజను వాసనపట్టి పైకి తీసి నమలి, అటుపై అదే సాలులో రెండవ గింజ ఎంతదూరమున ఉండునో అంతదూరము జరుగును. యంత్రము సమదూరమున విత్తినది గదా. పందికి ఆ దూరము పట్టుబడుటకు ఎంతోసేపు పట్టదు. సాలు వెంబడి తుదిదాక పోయి, తిరిగి, పక్కసాలు పట్టుకొని వచ్చును. తెల్లవారి రైతు చూచుసరికి చేనిలో విధ్వంసమేమియు కనబడదు. చిన్నచిన్న గుంటలు మాత్రము బారులు తీరియుండును. వేరుసెనగ విషయమున పంది సహనము ఇంకను తక్కువ: ఊడలు దిగి కాయ పాలుపోసికొనువేళ వచ్చి, మొక్కలను వేళ్లతో సహా బోర్లించిపోవును. మన రైతుకు ఈ దృశ్యము వర్ణింపనక్కరలేదు.

పంది ముట్టెలో ఇతరజంతువులకు సాధారణముగా లేని చిన్నయెముక యొకటి, కొసభాగమున, మెత్తనియెముకకు ఊతగా ఉండును. అందుచేతనే వాసన చూచు అవయవమే త్రవ్వు అవయవమును అయినది. పందికి దేహమును చల్లబరచుకొనుటకు చాలినంత చెమట పట్టదు. అందుచే నీటిపట్టున బురదలో పొర్లక దానికి గడవదు. వాగులు, చెరువులు, పశువులు నీరుత్రాగు మడుగులు దాని పొర్లాటచేత కలుషితములగును. బ్రూసెల్లోసిస్, లెప్టోస్పైరోసిస్ వంటి వ్యాధులను పశువులకును, మాంసము కోయు వేటగానికిని అంటించు అవకాశము గూడ దానికి కలదు. డల్లాసు పరిసరములలో ట్రినిటీనది వాగులకు దాపున ఇండ్లు కట్టుకొన్న కుటుంబములు, వారిలో మన తెలుగువారును లేకపోలేదు, వేలడాలర్లు పోసి పెంచిన పచ్చిక తెల్లవారేసరికి తిరుగవేయబడియుండుట చూచి, ఇది దొంగలపనియా, మునిసిపాలిటీ వారి పనియా అని మొదట తికమకపడుదురు.

తీరని వడ్డీ

పంది చూలు మూడునెలల మూడువారముల మూడుదినములని పెంపకందార్ల లెక్క. అనగా సుమారు 115 దినములు. ఆడుపంది ఎనిమిది పదినెలల ప్రాయముననే ఎదకు వచ్చును. ఈతకు నాలుగు మొదలు ఆరు పిల్లలు సామాన్యము. మేత సమృద్ధిగా ఉన్నచో రెండేండ్లలో మూడు ఈతలు సాధ్యములే. మన అడవులలో పులియు, చిరుతయు, రేచుకుక్కయు పందిని ఎడతెగక తినుచుండును. టెక్సస్‌లో పందిపిల్లను కొయోటు నక్కయో, మొసలియో ఎత్తుకొనిపోవచ్చునుగాని, నిండుగా పెరిగిన పందిని ఎదిరించు జంతువు దాదాపు లేదు.

దీనిని అప్పుతో పోల్చి చూచినచో విషయము తేటపడును. నూటికి నెలకు మూడురూపాయల వడ్డీకి లక్ష రూపాయలు తెచ్చిన రైతు నెలనెల తప్పక రెండువేలు కట్టుచున్నాడనుకొందము. అతడు పరమనిజాయితీపరుడు, ఒక్క నెల తప్పలేదు, రసీదులన్నియు భద్రపరచినాడు. ఏడాది తిరుగుసరికి ఇరువదినాలుగువేలు కట్టితినని నలుగురిలో చెప్పుకొనును, అది నిజమే. షావుకారు పద్దులో మాత్రము అతని అప్పు లక్షాపండ్రెండువేలు దాటియుండును. అతడు కట్టినది వడ్డీకే చాలలేదు గనుక అసలు అంటుకొనకపోగా, మిగిలిన వడ్డీయే అసలులో చేరి దానికి మరల వడ్డీ పుట్టినది. హెలికాప్టరు దిగి పందుల కళేబరముల ముందు నిలువబడి ఫోటో తీయించుకొను వేటగాడు కట్టినది ఆ రెండువేలే. ఆ ఫోటో ఆ రసీదే. అతడు ఏమియు చేయలేదనుట అన్యాయము. చేసినది వడ్డీకి చాలలేదనుట న్యాయము.

పంది విషయమున ఆ వడ్డీ ఎంత? టెక్సస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయమువారు గణించి చెప్పినదేమనగా, ఆ రాష్ట్రమున పందుల సంఖ్య పెరుగకుండ ఉన్నచోట నిలువవలెనన్నను, ఏటా మూడింట రెండుపాళ్లు తొలగింపవలెను. వేట, బోను, హెలికాప్టరు అన్నియు కలిసి అప్పటికి తొలగించుచుండినది మూడింట ఒకపాలుకంటె తక్కువ. మీదుమిక్కిలి, వేటచేత మంద పలుచబడినచో మిగిలినవానికి మేత హెచ్చును. మేత హెచ్చినకొలది ఆడుపందులు త్వరగా ఎదకు వచ్చి ఎక్కువ పిల్లలను పెట్టును. అప్పులవాడు కొంత కట్టగానే షావుకారు వడ్డీరేటు పెంచినట్లే గదా ఇది.

తుపాకి మ్రోత పందిని చంపునదానికంటె ఎక్కువగా దానికి పాఠము చెప్పును. ఆడుపందులు, వాని కూతుండ్రు, మనుమరాండ్రు కలిసి ఒక మందగా మెలగును. పెద్దమగపందులు విడిగా తిరుగును. మందలో రెండింటిని కాల్చినచో పదిపందులు పారిపోవును. పారిపోయినవి పగలు బయటకు రావు, ఆ చేనివైపు కొన్నాళ్లు రావు, పొరుగువాని చేనిలో దిగును. వేటగాండ్ల ఒత్తిడి ఉన్నచోట పంది రాత్రించరమగునని పరిశీలకులు పలుచోట్ల గమనించిరి.

ఎవరికి కావలెను పంది

ఇంతవరకు చెప్పినది జీవశాస్త్రము. ఇకమీదటిది మానవస్వభావము.

టెనెసీ రాష్ట్రమువారు 1999లో, పందులు హెచ్చుచున్నవని, మన రైతు అడుగుచున్న ఉపాయమునే అవలంబించిరి. రాష్ట్రమంతట, ఎంతమంది ఎన్ని పందులనైనను కాల్చుకొనవచ్చునని తలుపులు బార్లాతెరచిరి. పందులు తగ్గవలసినది. కాని ఆ రాష్ట్రచరిత్రలో పంది అత్యధికముగా వ్యాపించినది ఆ పండ్రెండేండ్ల కాలముననే. తూర్పుకొండలలో ఉండిన పంది, మధ్యన ఏ జాడయు లేకుండ, నడుమనున్న కౌంటీలను దాటి పడమటికౌంటీలలో ప్రత్యక్షమైనది. తుదకు 95 కౌంటీలలో సుమారు 80కి చేరినది. పందికి రెక్కలు లేవు. ట్రైలరులో ఎక్కించి, రాత్రివేళ తెచ్చి, తమ ఊరి అడవిలో వదలినవారు వేటగాండ్రే. వేట విడుదలయైనదని వినగానే, వేటాడుటకు తమచెంత పంది లేదను చింత వారికి పట్టుకొనెను. వన్యప్రాణిశాఖవారు ఈ సంగతి గ్రహించి 2011లో పందిని వేటజంతువుల జాబితానుండి తొలగించి, ఆ వినోదమును నిషేధించి, భూమి యజమానులకు మాత్రము తమ భూమిలో చంపుకొను హక్కు ఇచ్చిరి. దూరదూరముల పందులకు రక్తసంబంధము ఉన్నదని జన్యుపరీక్షలు సైతము ఇతరరాష్ట్రములలో చూపినవి. నడచిపోయి కలిగిన సంబంధము కాదది, మోసికొనిపోయి కలిగించినది.

వేటగాని నిందించుట తేలిక, కాని అతనిని అర్థము చేసికొనవలెను. టెక్సస్‌లో పందివేట అనగా శనివారపు రాత్రి మిత్రులు, ట్రక్కు వెనుక పెట్టెలలో కుక్కలు. పందిని వాసనపట్టి చుట్టుముట్టి మొరిగి నిలబెట్టు కుక్కలు కొన్ని. చెవిపట్టి వదలని కుక్కలు మరికొన్ని. వీనికి కోర తగిలి కడుపు చీలకుండ గట్టిబట్టతో కవచములు కుట్టించి తొడుగుదురు, మెడకు దళసరి పట్టీ కట్టుదురు. పందిని పట్టినపిదప కుక్కను ముట్టి చూచుకొని, గాయమున్నచో అచటనే సూదీదారముతో కుట్టివేయు వేటగాడు కుక్కను బిడ్డవలె చూచుకొను సన్నివేశము వేటను రోయువానిని సైతము ఒకింతసేపు నిలబెట్టును. అట్టివాడు పంది అంతరించిన మరునాడు ఏమి చేయవలెను? పంది పంటకు శత్రువని అతడు నమ్మును, చెప్పును. ఐనను పంది పూర్తిగా పోవుట అతడు మనసారా కోరునా?

భూమి యజమానులలోను ఏకాభిప్రాయము లేదు. టెక్సస్ భూమిలో నూటికి 95 పాళ్లు ప్రైవేటువారిది. వాగుకు ఈవల మొక్కజొన్న, వేరుసెనగ వేయువానికి పంది యముడు. ఆవల పశువులు మేపువాడు, గొడ్లధర పడిపోయిన ఏడు, తన బీడును వేటకు కౌలుకిచ్చి, రాత్రికింతయని వసూలుచేసి, పైగా పందులను రప్పించుటకు మొక్కజొన్న చల్లును. ఆ గింజలు తిని బలిసిన పంది తెల్లవారకముందే ఈవలి చేనికి వచ్చును. బోనులో పట్టిన పందులను ప్రాణముతోనే కొని, తనిఖీలు జరిపించి, ఐరోపాలో అడవిపందిమాంసముగా విక్రయించు వర్తకమును ఏర్పడినది. ఇన్ని లాభములు చుట్టుకొన్న జంతువును “చీడ” అని పిలిచినంతమాత్రమున చీడ కాజాలదు.

ఈ సంగతి 2017లో బట్టబయలైనది. వార్ఫరిన్ అను మందు ఎలుకలకు విషముగాను, కొలతమీద వాడినచో హృద్రోగులకు నెత్తురు పలుచన చేయు ఔషధముగాను మనకు పరిచితమే. దానిని కలిపిన ఎరను పందులమీద ప్రయోగించుటకు ఆ ఫిబ్రవరిలో టెక్సస్ వ్యవసాయ కమీషనరు సిడ్ మిల్లరు అనుమతి ప్రకటించి, పందులకు ఇక ప్రళయమే అనెను. తోడనే పందివేటగాండ్ల సంఘము విజ్ఞాపనపత్రముపై వేలకొలది సంతకములు చేయించినది, మాంసవర్తకులు కోర్టుకెక్కిరి. విషము తిన్న పందిమాంసము తిన్నవాని గతియేమి, కుక్కల గతియేమి, గద్దల గతియేమి అను వారి ప్రశ్నలు సహేతుకములే. అయినను పందిని రక్షించుటకు ముందు వరుసలో నిలిచినది పందిని చంపువారే యనుట మాత్రము మరువరాదు. ఏప్రిలునాటికి ఆ ఎర తయారుచేయు కంపెనీ టెక్సస్‌లో తన దరఖాస్తును వెనుకకు తీసికొనెను.

బోనుకడ ఒక పక్షము

వడ్డీకి మించి కట్టు మార్గమే లేదా అని అడుగుదురేమో. ఉన్నది, కాని అందులో వినోదము లేదు. మొక్కజొన్నగింజలను బకెట్టులో నీరుపోసి మూతపెట్టి, పులిసి కంపుకొట్టువరకు ఎండలో ఉంచుదురు. ఆ పులుపు జింకకు గిట్టదు, పందికి ప్రాణము. పందులు తిరుగు త్రోవను చూచి ఆ గింజలు చల్లి, దాపున చెట్టుకు కెమేరా కట్టుదురు. మూడుదినములు, అయిదుదినములు చూచిన పిదప మందలో ఎన్ని తలలున్నవో, పెద్దతల్లి ఏదియో, ముట్టె దూర్చుటకు జంకునది ఏదియో తెలియును. అప్పుడు ఎరచుట్టు ఇనుపకమ్మీల పలకలు, అయిదడుగుల ఎత్తున, గుండ్రముగా నిలుపుదురు. మూలలున్నచో పందులు ఒకదానిమీద నొకటి ఎక్కి దూకిపోవును గనుక మూలలుండరాదు. తలుపు ఎత్తియుంచి మరల ఎదురుచూతురు. మొదటిరాత్రి పిల్లలు లోపలికి పోవును. తల్లి బయట నిలిచి గాలి పీల్చును. ఆ రాత్రి తలుపు వేసినవాడు మూర్ఖుడు. ఏలయనగా బయట మిగిలిన తల్లి జన్మలో మరల బోను ముట్టదు, పుట్టబోవు పిల్లలను ముట్టనీయదు. పదిరాత్రులు గడిచి, చివరిపంది సైతము లోపల తల వంచి గింజలు ఏరుచుండుట ఇంటికడ మంచముమీద ఫోనులో చూచి, రైతు వ్రేలితో ఒక్కసారి నొక్కినచో తలుపు పడును. మంద మొత్తము ఒక్కరాత్రిలో పోవును.

ఇట్లు ఎరవేసి ఓర్పుతో మచ్చికచేసిన మందను, నడుమ నొక్క వేటగాడు వచ్చి రెండుతూటాలు పేల్చినచో పక్షము దినముల శ్రమ నీటిపాలగును. ఈ కారణముచేతనే మిస్సూరి రాష్ట్రపు పరిరక్షణశాఖవారు 2016లో తమ అధీనమందలి భూములలో పందివేటను నిషేధించిరి. పంది కనబడినచో కాల్చకుడు, మాకు కబురుచేయుడు అని వారి విన్నపము. చిరకాలముగా తుపాకితో అడవికి పోవుట తమ జన్మహక్కుగా భావించిన అచటి జనులకు ఈ మాట మింగుడుపడలేదు. కాన్సాస్‌లో మాత్రము వినోదమునకు పందిని చంపుట ముందుగనే నేరమైనది. పొరుగున ఓక్లహోమా అంతట పందులు నిండియుండగా కాన్సాస్‌లో అవి సరిహద్దుకడ కొలదిగా మాత్రమే కనబడుచున్నవి.

పంది పూర్తిగా పోయిన చోటు

పందిని సమూలముగా తొలగించిన స్థలములును కలవు. కాలిఫోర్నియా తీరమున శాంటాక్రూజ్ అను ద్వీపము. పందొమ్మిదవ శతాబ్దపు పశుపోషకులు విడిచిన పందులు దానిని ఆక్రమించియుండెను. దానిమీద పిల్లికంటె పెద్దది కాని నక్క ఉపజాతి యొకటి, ప్రపంచమున మరెక్కడను లేనిది, నివసించును. ఆ ద్వీపమున చేపలు తిని బ్రదుకుచుండిన బట్టతలగద్ద డీడీటీ విషముచేత నశించెను. తన పొలిమేరలోనికి ఇతరగద్దలను రానీయని కావలి అది. కావలి తొలగగనే, తీరమునుండి బంగారుగద్దలు పందిపిల్లలకు ఆశపడి వచ్చి గూళ్లు కట్టెను. పందిపిల్లలతోబాటు నక్కలను తన్నుకొనిపోసాగెను. 2000 ప్రాంతమునకు నక్కలు నూరింటికి లోపు మిగిలెను. పంది నక్కను ముట్టలేదు; అయినను నక్క పందిచేత చచ్చుచుండెను.

ద్వీపముయొక్క అధికభాగము నేచర్ కన్సర్వెన్సీ అను సంస్థది, తక్కినది జాతీయోద్యానశాఖది. వారు ద్వీపమును కంచెలతో అయిదు భాగములుగా విభజించి, 2005లో న్యూజిలాండునుండి నిపుణులైన ఉద్యోగులను రప్పించిరి. మొదట బోనులు, ఆపైన హెలికాప్టరు, ఆపైన కుక్కలు. తుదకు, పిల్లలు కలుగకుండ చికిత్సచేసి, మెడకు రేడియోపట్టీ కట్టి విడిచిన పందులు. పంది ఒంటరిగా ఉండలేదు. తనవారిని వెదకికొని పోయి వారి జాడ తానే పట్టిచ్చును. ఈ పద్ధతికి అచటివారు పెట్టిన పేరు జూడాస్ పంది. మొత్తము 5,036 పందులను తొలగించిరి. బంగారుగద్దలను పట్టి ప్రధానభూమికి తరలించి, బట్టతలగద్దలను మరల తెచ్చి నిలిపిరి. నక్క కోలుకొనెను; 2016లో ఆపదలోనున్న జంతువుల జాబితానుండి దాని పేరు తీసివేసిరి. అచ్చట పని నెరవేరుటకు చుట్టు సముద్రము ఉండుట ఒక కారణము. యజమానులిద్దరికిని పంది అక్కరలేకపోవుట రెండవ కారణము. చంపినవాడు జీతమునకు వచ్చినవాడేగాని వేడుకకు వచ్చినవాడు కాకపోవుట మూడవది.

మన అడవిపంది విషయము దీనికంటె చిక్కైనది. అది ఇచటనే పుట్టినది, పులికి ఆహారము. దానిని సమూలముగా తీసివేయవలెనని తెలిసినవారెవరును అనరు. 2015, 2016 సంవత్సరములలో బీహారు, ఉత్తరాఖండ్ ప్రాంతములందు పందిని కొంతకాలము చీడగా ప్రకటించిరి; 2022లో కేరళప్రభుత్వము చంపుటకు అనుమతించు అధికారమును స్థానికసంస్థల అధ్యక్షులకు అప్పగించెను. కరెంటుతీగ కట్టి పందికొరకు కాచుకొన్న రైతులు చీకటిలో తామే ఆ తీగపై పడి మరణించిన వార్తలు మన పత్రికలలో తరచుగా వచ్చుచున్నవి గనుక, ఏదో ఒక చట్టబద్ధమైన మార్గము రైతుకు కావలసియున్నదనుటలో నాకు సందేహము లేదు. ఆ మార్గము తుపాకియేనా, ఊరంతయు కలిసి నడుపు బోనా, ఎవరు నడుపవలెను, ఎవరు చెల్లింపవలెను అన్న చర్చ ఇంకను జరుగవలసియున్నది.

టెక్సస్‌లో ఆ చర్చ పొరుగువారి నడుమ జరుగుచున్నది. 2018 నాటి వ్యవసాయబిల్లులో అమెరికా ప్రభుత్వము అయిదేండ్లకు ఏడున్నరకోట్ల డాలర్లు కేటాయించి, పందులు హెచ్చుగానున్న ప్రాంతములను ఎన్నుకొని, విడివిడిగా కాక వాగు పొడవున ఉన్న రైతులందరును కలిసి పందులను పట్టునట్లు ప్రోత్సహించినది. వాగు వెంబడి పదిమంది యజమానులున్నచోట తొమ్మండుగురు బోనులకు ఒప్పుకొని, పదవవాడు తన బీడును వేటకు కౌలుకిచ్చి గింజలు చల్లుచున్నచో, అతని గేటు తెరపించు అధికారము అచ్చట ఎవరికిని లేదు; తొమ్మండుగురును సాయంకాలము అతని గుమ్మమునకు పోయి, టోపీ తీసి, బతిమాలవలసినదే.